కోత లేదట

మగ్గంలో దారం మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడెతో పలక మీద రెండు దెబ్బలు పడ్డాయంటే కండెలు అయిపోవచ్చాయని అర్థం. భార్యను పేరు పెట్టి పిలవడానికి దశరథకు పెళ్లయిన కొత్తలో సిగ్గు, ఆ తర్వాత అవసరం పడలేదు. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో సుగుణమ్మ పేరు ఆ రెండు దెబ్బలే. నాడెలో పెట్టే చిన్న గొట్టానికి, అడ్డంగా నేసే పేక నూలు చుడితే అది కండె. మగ్గం మీద కూర్చున్న మనిషి నేస్తూ పోతుంటే అవి ఖాళీ అవుతూ ఉంటాయి, రాట్నం ముందు కూర్చున్న మనిషి చుట్టి ఇస్తూ ఉండాలి. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా, చేతికి పిండి అంటుకుని ఉన్నా, టక్ టక్ మనగానే లేవాలి. పూల చీరలైతే కండెల వరుస తప్పకూడదు, తప్పితే చీర మీద పువ్వు చెదిరిపోతుంది. ఇంతా చేసి, మీ ఇంట్లో ఎంతమంది పనిచేస్తారని ఎవరైనా అడిగితే దశరథ చెప్పే జవాబు ఒక్కటే. "నేనొక్కన్నే."

ఆ ఎండాకాలం సుగుణమ్మ లేవడం ఆలస్యమవుతూ వచ్చింది. వంటింటి నుంచి మగ్గం గదికి ఉన్న నాలుగడుగుల్లో మధ్యన గోడ పట్టుకుని ఆగేది. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు, తర్వాత మూడు దిండ్లు పెట్టుకునేది. అరవై మూడేళ్లకు ఎవరికైనా ఇంతేలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంట్లో వాళ్లు కూడా తలా ఒక మాట సాయం చేశారు. "కూసుండి సుట్టే పనికి గింత ఆయాసమేందే?" అన్నాడు దశరథ. కొడుకు మురళీమోహన్ వాళ్లుండే నల్గొండలోనే ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాడు. "పొద్దుగాల వాకింగ్ చెయ్యమ్మా, అన్నీ సెట్ అయితయ్" అన్నాడు, నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చే మనిషితో. కోడలు సంధ్య ప్రైవేటు బడిలో టీచరు. "మధ్యాహ్నం జర పండుకోండి అత్తమ్మా" అని నిజంగా ప్రేమగానే చెప్పింది. సంధ్య చెడ్డది కాదు. కానీ పండుకొమ్మని చెప్పిన మనిషే సాయంత్రం ఇంటికి రాగానే, "పూజ హోంవర్క్ చేసిందా అత్తమ్మా? టెర్రస్ మీద బట్టలు తీసిన్రా?" అని అడుగుతుంది. పండుకున్న మనిషి టెర్రస్ ఎప్పుడెక్కాలో ఆమెకూ తెలియదు, పాపం, ఆమె కూడా అలసిపోయే వస్తుంది.

చివరికి ఒక పొద్దున నల్లా దగ్గర బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడిపోయింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన దశరథ ముందు బిందెను లేపాడు. చేతికి అదే ముందు అందిందని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. అబద్ధం కాకపోవచ్చు.

నల్గొండలో స్కానింగు తీసిన డాక్టరు స్క్రీన్ చూస్తూ, పాత ఆపరేషన్ ఎప్పుడయిందమ్మా అని అడిగాడు. తెలంగాణ వచ్చిన ఏడాది, అంది సుగుణమ్మ. రిపేరు చేసిన వాల్వు మళ్లీ పాడైందని, వెంటనే హైదరాబాద్ పొమ్మని అతను చెప్పాడు. ఆ మాట విన్నాక సుగుణమ్మకు భయం వేయాలి. వేసింది కూడా. కానీ భయంతో పాటు ఇంకొకటి వచ్చింది. అది సంతోషమని ఒప్పుకోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

ఎందుకంటే మొదటి ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఆమె పడుకుంది.

అప్పుడు ఛాతీ మధ్య ఎముకను కోసి, గుండెను ఆపి, పెద్ద వాల్వు రేకులను కుట్టి సరిచేశారు. దవాఖాన నుంచి నేరుగా తల్లి నర్సింగమ్మ వచ్చి పానగల్ తీసుకెళ్లింది. పానగల్ నల్గొండ పక్కనే, ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు. కాబట్టి దశరథ పది రోజులు తిరక్కముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడు తోలిస్తరు అత్తమ్మా? మగ్గం ఆగింది."

నర్సింగమ్మ ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది, తర్వాత చెప్పింది. "నా బిడ్డ ఎద బొక్క కోసి, మల్ల తీగలేసి కట్టిన్రు. అది అతికిందాక లేవది. నీ మగ్గం ఎటూ పారిపోదుగని, నువ్ పోయి రా."

దశరథ మారు మాట్లాడలేదు. ఎలా మాట్లాడతాడు? ఎముకను కోశారు. రవికె అంచు పైదాకా కుట్లు కనిపిస్తున్నాయి. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు "ఏదీ, సూపియ్యి" అని కొంగు పక్కకు జరిపించి చూసి, అమ్మో అని చెంపలేసుకుని, "లేవకు బిడ్డా, లేవకు" అని చెప్పి వెళ్లారు. ఆ మూడు నెలలు కండెలు చుట్టడానికి పక్క వీధి నుంచి ఒకామెను కూలికి పెట్టారు. ఆ పనికి కూలి ఉంటుందని సుగుణమ్మకు తెలిసింది అప్పుడే.

ఇంకా చాలా తెలిశాయి. పగలు పదకొండు గంటలకు ఇల్లు ఎట్లా ఉంటుందో తెలిసింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చి, చాప అంచుదాకా పాకి, ఇక లాభం లేదన్నట్టు వెనక్కి పోతుంది. మధ్యాహ్నం నిద్రపోయి లేస్తే నోరు తియ్యగా ఉంటుంది. తల్లి తల దువ్వుతుంటే వెనకాల కూర్చున్న మనిషి చేతులు ఎంత మెల్లగా కదులుతాయో తెలిసింది. యాభై దాటిన ఆడది, మనవరాలిని ఎత్తుకోవాల్సిన వయసులో, తల్లి జడ వేస్తుంటే కళ్లు మూసుకుని కూర్చుంది. గుండె బాగయిందో లేదో డాక్టర్లు చూసుకున్నారు గానీ, సుగుణమ్మకు మాత్రం బతుకు బాగుందనిపించింది.

ఆ వీధిలో ఆడవాళ్లకు విశ్రాంతి కోతను బట్టి దొరుకుతుంది. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, అందరూ పాటించేది. గర్భసంచి తీయించుకున్నామెకు నెల రోజులు బిందె ఎత్తనివ్వరు. సంధ్యకు పూజ పుట్టినప్పుడు కడుపు కోసి తీశారు కనుక, మంచం దిగొద్దని దశరథే స్వయంగా చెప్పాడు. సుగుణమ్మ ఇద్దరిని మామూలుగానే కన్నది, పురుడు వెళ్లగానే రాట్నం ముందుకు వచ్చింది. ఆ ఇద్దరి మధ్యన ఒక కడుపు నాలుగో నెలలో పోయింది. దానికి కోతా లేదు, కుట్టూ లేదు. మర్నాడు పొద్దున టక్ టక్ మంది, లేచి వచ్చి చుట్టింది. కండె మీద నూలు కనబడక కళ్లు తుడుచుకుంటూ చుట్టింది. ఏడుస్తున్నావా అని కూడా ఎవరూ అడగలేదు.

అందుకే మళ్లీ ఆపరేషన్ అనగానే ఆమె మనసు పానగల్ పోయింది. తల్లి పోయి ఐదారేళ్లయింది, ఆ ఇల్లు తమ్ముడు కిరాయికిచ్చాడు. అయినా ఫరవాలేదు. కోత ఉంటే చాలు, ఎక్కడ పడుకున్నా పడుకోనిస్తారు.

హైదరాబాద్ దవాఖానలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ సుగుణమ్మను, వెంట వచ్చిన తండ్రీకొడుకులను కూర్చోబెట్టి చెప్పింది. చిన్న వయసే, మాట మెత్తన. "అప్పుడు మీ వాల్వునే కుట్టి బాగుచేశారు. ఇన్నేళ్లు మంచిగానే పనిచేసింది. ఇప్పుడు ఆ రేకులు గట్టిపడి సరిగా తెరుచుకోవట్లేదు, సరిగా మూసుకోవట్లేదు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, మడిచిపెట్టిన కొత్త వాల్వును పాతదాని లోపలే తెరుస్తాం. అది పాతదాన్ని పక్కకు నొక్కేసి దాని జాగాలో కూర్చుంటుంది. ఛాతీ కోయనక్కర్లేదు."

"కోత లేదా?" అన్నాడు దశరథ.

"లేదు. అన్నీ సరిగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పోవచ్చు."

దశరథ ముఖం ఎట్లా వెలిగిందో చెప్పాలి. భార్య బతుకుతుందన్న సంతోషం అందులో నిజంగా ఉంది, లేదని అంటే పాపం తగులుతుంది. వరండాలోకి రాగానే మురళీమోహన్ ఫోన్లు మొదలుపెట్టాడు. కోత లేదట మామా. కోత లేదట చిన్నమ్మా. ఏం ఫికర్ లేదు, సోమవారం చేస్తే గురువారం ఇంట్ల ఉంటది. సంధ్యకు కూడా చేశాడు. "నువ్ లీవ్ పెట్టే పనిలేదు. అమ్మ గురువారమే వస్తది." దశరథ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంటూ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"దసరా చీరలకు పడుగు ఎక్కిచ్చే ఉంది గద. గురువారం వస్తివా, శుక్రవారం ఒక పూట ఆగినా, శనివారం నుంచి కండెలు సుట్టొచ్చు. కూసుండి చేసే పనేనాయె."

ఎదురుగా గోడ మీద గుండె బొమ్మ ఉంది, సుగుణమ్మ దాన్ని చూసింది. కాసేపటికి లేచి, బాత్రూం అని చెప్పి, తిరిగి డాక్టరమ్మ గదిలోకి పోయింది.

"అమ్మా, ఒకటి అడుగుతా. కోసి చేయరాదా?"

ఈమె కొత్త పద్ధతంటే భయపడుతోందని డాక్టరమ్మ అనుకుంది. కంప్యూటరులో బొమ్మ చూపించి ఓపిగ్గా చెప్పింది. పాత ఆపరేషన్ జరిగిన చోట గుండె ఛాతీ ఎముకకు అతుక్కుపోయి ఉంది. మళ్లీ ఎముక కోస్తే రంపం గుండెకే తగలొచ్చు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి, గుండె కండరం అలసిపోయి ఉంది. "బల్ల మీంచి లేవకపోవచ్చు కూడా. సూటిగా చెప్తున్నందుకు ఏమనుకోకండి. మీకు ఇదే మంచి దారి. అయినా ఇంత తేలికది ఉండగా కోతే కావాలని ఎందుకంటున్నారు?"

"కోస్తే పండుకోనిస్తరమ్మా."

అనేశాక సుగుణమ్మకు సిగ్గేసింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నవ్వుతుందేమో అని సుగుణమ్మ అనుకుంది గానీ ఆమె నవ్వలేదు.

"విశ్రాంతి కావాలని నేను రాసిస్తాను కదా."

"రాస్తే మా ఇంట్ల సదవరాని వాళ్లెవరు లేరమ్మా," అంది సుగుణమ్మ. "అందరికీ సదువొచ్చు."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మరి మీకేం కావాలో మీరు చెప్పారా వాళ్లకు?" అని అడిగింది. తర్వాత అది తన పని కాదనుకుందో ఏమో, వెంటనే వైద్యంలోకి వచ్చింది. తొడ దగ్గర గాయం తొందరగానే మానుతుంది, నడవచ్చు, నడవాలి కూడా. కానీ ఇన్నేళ్లు మూసుకుపోయిన తలుపును తోసి తోసి గుండె కండరం దళసరి కట్టింది, అది తేరుకోవడానికి నెలలు పడుతుంది. బరువులెత్తొద్దు, గంటల తరబడి ముడుచుకు కూర్చోవద్దు, నిద్ర వచ్చినప్పుడు నిద్రపోవాలి.

"నెలలా?" అంది సుగుణమ్మ.

"నెలలే."

"మరి పైకి కనపడదు గద."

"కనపడదు," అని ఒప్పుకుంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం వార్డులో పడుకుని సుగుణమ్మ తను అడిగింది ఏమిటో మళ్లీ ఒకసారి తలుచుకుంది. బల్ల మీంచి లేవకపోవచ్చని డాక్టరమ్మ చెప్పాక కూడా, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, లేస్తే మూడు నెలలు పడుకోవచ్చు, లేవకపోతే ఎప్పటికీ పడుకోవచ్చు, రెండూ నష్టం కాదనిపించింది. మధ్యాహ్నం పూట కాస్త నిద్ర కోసం ప్రాణం పణం పెట్టబోయిందా తను? ఎవరూ పెట్టమనలేదే. దశరథ మీద కోపం వచ్చింది, కొడుకు మీద వచ్చింది, అన్నింటికంటే ఎక్కువ తన మీదే వచ్చింది. "పండుకుంట" అనే ఒక్క మాట నోట్లోంచి రావడానికి ఎద చీల్పించుకోవాలా? నలభై ఏళ్లలో ఆ మాట తను ఒక్కసారైనా అన్నదా అని వెతుక్కుంది. అనలేదు. అప్పుడు కూడా అన్నది తల్లే.

సోమవారం ఆపరేషన్ తొందరగానే అయిపోయింది. పూర్తిగా మత్తు కూడా ఇవ్వలేదు. ఎవరో మాట్లాడుకుంటున్నట్టు, తొడ దగ్గర ఏదో నొక్కుతున్నట్టు, ఛాతీలో ఒక్కసారి ఏదో దడదడలాడి మళ్లీ సర్దుకున్నట్టు తెలిసింది. అంతే. కళ్లు తెరిచి ఊపిరి తీసుకుంది. ఊపిరి అడుగుదాకా పోయింది. ఇంత గాలి ఈ లోకంలో ఉందని మర్చిపోయానే అనుకుంది. రాత్రి ఒక్క దిండు మీద నిద్రపోయింది.

గురువారం కాదు గానీ శుక్రవారం ఇంటికి వచ్చారు. ఖర్చు సంగతి మురళీమోహన్ ఆఫీసు బీమా చూసుకుంది, ఆ విషయంలో అతన్ని మెచ్చుకోవాలి. వీధిలో ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. "ఏదీ, సూపియ్యి" అన్నారు. గజ్జల్లో చిన్న పట్టీ, అది చూపించే చోటు కాదు. ఛాతీ మీద పాత గీతే ఉంది, అది అందరూ చూసిందే. "ఏం చెయ్యనే చెయ్యలే?" అని ఒకామె కొంచెం నిరాశగానే అడిగింది. దశరథ అందరికీ వివరించి చెప్పాడు. "బండికి కొత్త పార్ట్ ఏసినట్టే. ఇప్పి మూసిన పనే లేదు. నిన్ననే నడిచింది."

సుగుణమ్మకు ఒంట్లో బాగుంది. అదే చిక్కు. ముఖం తేటపడింది, ఆయాసం లేదు, వరండా దాకా నడిచినా గోడ పట్టుకోలేదు. ఇట్లాంటి మనిషి పడుకుంటానంటే ఎవరికైనా బద్ధకంలాగే కనిపిస్తుంది. రాత్రి అన్నాల దగ్గర సంధ్య, "డాక్టర్ రెస్ట్ రాసింది కదా అత్తమ్మా" అని చీటీ పైకి చదివింది. అందరూ విన్నారు. మురళీమోహన్ తలూపాడు. దశరథ, "కూసుండి చేసే పనికి రెస్టే గద," అని పెరుగు కలుపుకున్నాడు.

శనివారం పొద్దున మురళీమోహన్, సంధ్య, పూజ ముగ్గురూ వెళ్లిపోయారు. సంధ్య పోతూ పోతూ కూర వండి, గిన్నెలు తోమి వెళ్లింది, అది సుగుణమ్మ చూసింది. దశరథ మగ్గం గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, చుట్టి ఉన్న నాలుగు కండెలతో మొదలుపెట్టాడు. మగ్గం గదిలోనే కిటికీ కింద ఆయన నులక మంచం ఉంటుంది. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటన్నర ఆయన పడుకునే మంచం. ఆ గంటన్నరలో సుగుణమ్మ కండెలు చుట్టిపెట్టేది.

పదకొండు గంటలకు ఆమె తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని, తన జడ తనే వేసుకుని, దిండు చంకన పెట్టుకుని మగ్గం గదిలోకి వచ్చింది. రాట్నం దాటి వెళ్లి నులక మంచం మీద పడుకుంది.

దశరథ నేస్తూనే ఓరకంట చూశాడు. ఒకటి రెండు నిమిషాలే అనుకున్నాడేమో, నాడె ఆపలేదు. కండెలు అయిపోయాయి. నాడెతో పలక మీద టక్ టక్ మనిపించాడు.

సుగుణమ్మ కిటికీ వైపు చూస్తూ ఉంది. ఎండ గడప దాటి లోపలికి వస్తోంది.

టక్ టక్.

మనిషి మూడడుగుల దూరంలో ఉంది, చెవుడు లేదు. దశరథ మూడోసారి గట్టిగా కొట్టాడు. నాలుగోసారి కొట్టబోయి చెయ్యి ఆపి, గొంతు సవరించుకున్నాడు.

"సుగుణా."

ఆ పేరు ఆయన నోట కొత్తగా, కొంచెం బెరుగ్గా వినిపించింది.

"ఆఁ" అంది ఆమె, తల తిప్పకుండా.

"కండెలు అయిపోయినయ్."

"నేను పండుకున్న."

"పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది."

దశరథ నాడెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరెందుకు పండుకున్నవ్? ఎన్ని దినాలు పండుకుంటవ్?"

"మూడు నెలలు."

"మూడు నెలలా! కోతే లేదు గదనే!"

సుగుణమ్మ అప్పుడు తల తిప్పి ఆయన వైపు చూసింది. కోపంగా చూడలేదు. "కోసినప్పుడు మా అమ్మ పండవెట్టింది," అంది. "ఇప్పుడు అమ్మ లేదు. నన్ను నేనే పండవెట్టుకున్న. కూలికి ఎవర్నన్న పిలుసుకో, లేకుంటే నువ్వే సుట్టుకో. కూసుండి చేసే పనేనాయె."

దశరథ నాడెను పలక మీద పెట్టాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని పైకి లేచి, రాట్నం ముందుకు వచ్చి, పీట సర్దుకుని కూర్చున్నాడు. రాట్నం తిరిగింది. కాసేపటికే దాని చప్పుడు మారింది. దారం తెగితే రాట్నం తేలికై ఊరికే తిరుగుతుంది, ఆ తేడా సుగుణమ్మకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఆయనకింకా తెలియలేదు, తిప్పుతూనే ఉన్నాడు. అలవాటుకొద్దీ ఆమె కాలు ఒకటి మంచం మీంచి కిందికి దిగింది. ఆమె దాన్ని మళ్లీ పైకి తీసుకుంది.